మొక్కజొన్న: విత్తే తేదీ మారితే ఎరువుల లెక్క ఎంతవరకు మారాలి?
(ఇది చర్చ: ప్రతి అభిప్రాయానికి పైన రాసినవారి మారుపేరు ఉంది.)

తొలకరి
మొక్కజొన్నలో నత్రజనిని మూడు దఫాలుగా వేయమంటారు: దుక్కిలో ఒక వంతు, 30–35 రోజులకు ఒక వంతు, 50–55 రోజులకు ఒక వంతు. వానలకు విత్తిన పంటకూ, చలికాలంలో నీటి కింద వేసిన పంటకూ ఇదే రోజుల లెక్క ఎలా సరిపోతుంది? రెండో సందేహం: భాస్వరాన్ని డీఏపీగా (నత్రజని కూడా ఉండే భాస్వరం ఎరువు) ఇచ్చినా, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌గా ఇచ్చినా దిగుబడిలో తేడా వస్తుందా? మూడోది: పూతకొచ్చే వేళకు ఎండలు ముదరకుండా విత్తే తేదీని ఎలా లెక్కగట్టాలి? మధ్యరకం నేల, ఉదజని సూచిక (pH) 8 దగ్గర, సాళ్ల మధ్య 75 సెం.మీ., మొక్కల మధ్య 20 సెం.మీ. అనుకుని చెప్పండి.

కండె
మూడు ప్రశ్నలనూ విడదీయకండి. తేదీ తేలితేనే ఎరువు తేలుతుంది, ఎందుకంటే మొక్కజొన్న మన క్యాలెండరు ప్రకారం పెరగదు, అందిన వేడిని బట్టి పెరుగుతుంది.

వేడి లెక్క ఇలా వేయాలి. ఆ రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను కూడి సగం చేసి, అందులోంచి 10 తీసేయండి. గరిష్ఠం 30 డిగ్రీలు దాటితే 30గానే, కనిష్ఠం 10కి దిగువన ఉంటే 10గానే పట్టుకోవాలి. వచ్చిన అంకె ఆ రోజు పంటకు అందిన వేడి యూనిట్లు. మొలక పైకి రావడానికి సుమారు 65 యూనిట్లు పడతాయి. అక్కడినుంచి పది ఆకుల వరకు ఒక్కో ఆకుకు దాదాపు 45 యూనిట్లు. ఆ పైన ఆకులు ఇంకా త్వరగా వస్తాయి. మధ్యకాలిక హైబ్రిడ్ పీచు (కండె కొన నుంచి వచ్చే ఆడ పూత) వేయడానికి 800 దగ్గర అనుకోండి, రకాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది.

ఇప్పుడు రెండు కాలాలను పక్కపక్కన పెట్టండి. గరిష్ఠం 32, కనిష్ఠం 22 ఉండే కాలంలో రోజుకు 16 యూనిట్లు. అంటే నాలుగైదు రోజులకు మొలక, 21 రోజులకు ఆరో ఆకు, 50 రోజులకు పీచు. గరిష్ఠం 27, కనిష్ఠం 13 ఉండే కాలంలో రోజుకు 10 యూనిట్లే. ఆరో ఆకుకు 33–34 రోజులు, పీచుకు 80 రోజులు.

ఈ లెక్కన 30వ రోజున వెచ్చటి కాలపు పంటలో తొమ్మిది ఆకులుంటాయి, చలి పంటలో ఐదే. 50వ రోజున మొదటిది పీచు వేస్తూ ఉంటే రెండోదానిలో ఇంకా పదో ఆకు విచ్చుతూ ఉంటుంది. రోజుల ప్రకారం యూరియా వేస్తే ఒక పంటకు ఆలస్యమవుతుంది, ఇంకో పంటకు ముందవుతుంది.

ఆరు ఆకుల వరకు మొక్క తీసుకునే నత్రజని మొత్తంలో పదో వంతు కూడా ఉండదు. ఎనిమిది ఆకుల నుంచి పూత వరకు గబగబా లాగుతుంది, పూత నాటికి సుమారు మూడింట రెండు వంతులు లోపలికి వెళ్లిపోయి ఉంటుంది. కండెలో ఎన్ని వరుసలుండాలో ఏడెనిమిది ఆకుల దశలోనే తేలిపోతుంది. వరుసకు ఎన్ని గింజలన్నది అక్కడినుంచి పూతకు వారం ముందు దాకా నిర్ణయమవుతూ ఉంటుంది. అందుకే మొదటి పైపాటు (పెరిగే పంటకు వేసే ఎరువు దఫా) ఐదారు ఆకులకు, రెండోది తొమ్మిది పది ఆకులకు పడాలి. చలి పంటలో మూడో పైపాటు జల్లు (మొక్క కొనన వచ్చే మగ పూత) కొన కనబడే వేళకు.

ఇక్కడ ఆకు అంటే కాలర్ కనబడిన ఆకు. ఆకు కాండాన్ని విడిచే చోట లేత పట్టీ లాంటి గీత కనిపిస్తుంది, అదే కాలర్. సుడిలో (మొక్క నడుమ ఇంకా విచ్చుకోని ఆకుల చుట్టలో) నిలబడి ఉన్న ఆకులను లెక్కలోకి తీసుకోకూడదు.

పదును
తేదీ గురించి. పూత తేదీని ముందు పెట్టుకుని వెనక్కి లెక్కించడమే సరైన దారి. మీ దగ్గర గత కొన్నేళ్ల ఉష్ణోగ్రతలు ఉంటే, గరిష్ఠం 35 దాటని, వాన ఎడతెరిపి ఇచ్చినా తడి అందించగల మూడు వారాలను పూతకు కేటాయించండి. కండె గారు చెప్పిన 800 యూనిట్లను ఆ వారాల నుంచి వెనక్కి కూడుకుంటూ వెళ్తే విత్తే వారం దొరుకుతుంది. ఒక్క తేదీ పట్టుకుని కూర్చోవద్దు, పది రోజుల వెడల్పు ఉంచుకోండి.

పూత దగ్గర చెడేది ఎందుకో తెలిస్తే ఆ మూడు వారాల విలువ తెలుస్తుంది. పుప్పొడి ఎక్కువగా ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య రాలుతుంది. కాబట్టి నేలలో తడి నిండుగా ఉంటే మధ్యాహ్నపు ఎండను పంట కొంత తట్టుకుంటుంది. ఉష్ణోగ్రత 38 దాటి, వడగాలి తోడైతే పుప్పొడి చచ్చుబడుతుంది, పీచు ఎండిపోతుంది. ఎండ కంటే బెట్ట ఇంకా చేటు. నీరు చాలనప్పుడు జల్లు దాదాపు సమయానికే వస్తుంది, పీచు మాత్రం వెనకబడుతుంది. ఆ రెంటి మధ్య ఎడం పెరిగినకొద్దీ పుప్పొడి అయిపోయాక పీచు బయటికొస్తుంది, గింజ పట్టదు. అప్పుడు ఎంత యూరియా వేసినా పోయిన గింజ తిరిగి రాదు.

వర్షాధారపు పంటలో "ఎంత ముందు విత్తితే అంత మేలు" అనే మాట సగమే నిజం. 50–60 మి.మీ. వాన పడి, నేల కనీసం 15 సెం.మీ. లోతుకు తడిశాక విత్తాలి. పై పొర తడికి విత్తితే మొలక వచ్చి, తర్వాత ఎడతెరిపికి వాడిపోతుంది. మొలక బారెడు, బెత్తెడుగా వచ్చిన చేనులో ఎరువు కూడా సమంగా ఉపయోగపడదు. వెనక మొలిచిన మొక్క ముందు మొలిచిన దాని నీడలో పడి, ఎరువు తింటుంది కానీ కండె సరిగా వేయదు.

లోతు 4–5 సెం.మీ. ఉండాలి. 2.5 సెం.మీ. కంటే పైన పడితే, కాండం మొదట్లో పుట్టే వేర్లు పొడి మట్టిలోకి వచ్చి ఆగిపోతాయి, మొక్క గాలికి ఊగుతుంది.

రేగడి_సాలు
పదును గారూ, ఇందులో ఒకటి కలపాలి. బరువు నేలల్లో మరీ ఆలస్యంగా విత్తితే ఐదారు ఆకుల దశ సరిగ్గా ముసురు రోజుల్లో పడుతుంది. ఆరు ఆకుల వరకు మొక్క పెరిగే మొగ్గ నేల లోపలే ఉంటుంది. వెచ్చటి వాతావరణంలో రెండు నుంచి నాలుగు రోజులు నీటిలో మునిగితే మొగ్గ కుళ్లుతుంది. వానలు గట్టిపడే నాటికి పంట మోకాలి ఎత్తు దాటాలంటే వీలైనంత ముందే విత్తాలి. లేదంటే బోదెలు (మట్టి గట్లు) తోలి, బోదె పక్కన విత్తాలి.

ఇంకో మాట: ముసురులో చేలోకి దిగలేం. అందుకని రేగడిలో దుక్కిలోనే సగం నత్రజని వేసేయడం మంచిదని నా అభిప్రాయం.

నీటిపాయ
రేగడి_సాలు గారు చెప్పిన బోదెల సంగతి నూటికి నూరు పాళ్లు సరే. దుక్కిలో సగం అన్నదానితో మాత్రం ఏకీభవించను. యూరియా తడి నేలలో రెండు నుంచి నాలుగు రోజుల్లో అమ్మోనియం అవుతుంది, వెచ్చటి నేలలో మరో వారం రెండు వారాల్లో నైట్రేట్ అవుతుంది. అమ్మోనియం బంకమట్టిని పట్టుకుని ఉంటుంది. నైట్రేట్ ఉండదు. ఇసుక నేలలో నీటితో పాటు కిందికి దిగిపోతుంది. రేగడిలో కిందికి దిగకపోయినా, నీరు నిలిచి గాలి అందనప్పుడు సూక్ష్మజీవులు దాన్ని వాయువుగా మార్చేస్తాయి. అంటే ముసురు పట్టే నేలలోనే దుక్కి నత్రజని ఎక్కువగా పోతుంది. మొక్క చిన్నది కాబట్టి ఆ లోపు తినేదీ తక్కువే.

ముసురు భయం ఉంటే దుక్కిలో మూడో వంతు మించకుండా వేసి, మొదటి పైపాటును నాలుగైదు ఆకులకే ముందుకు జరపండి. చేలోకి దిగే రెండు రోజుల ఎడం దొరికితే చాలు. వాన వెలిసి మురుగు తీసేశాక ఆకులు పాలిపోతే, ఎకరానికి 25–30 కిలోల యూరియా అదనంగా సాలు వెంట వేసి మట్టి కప్పండి. నీరు నిలిచి ఉండగా వేయడం దండగ. వేర్లకు ఊపిరి ఆడనప్పుడు అవి ఏదీ తీసుకోలేవు.

యూరియా ద్రావణం పిచికారీ గురించి ఎవరో ఒకరు అడుగుతారు కనుక ముందే చెబుతాను. 200 లీటర్ల నీటిలో 2 శాతం అంటే 4 కిలోల యూరియా, అందులో నత్రజని 1.84 కిలోలు. ముసురు తర్వాత మొక్కను నిలబెట్టడానికి పనికొస్తుంది. నేలకు వేయాల్సిన దఫాకు అది బదులు కాదు.

రేగడి_సాలు
అమ్మోనియం ఎక్కువ ఉన్న ఎరువు దుక్కిలో వేస్తే? అమ్మోనియం సల్ఫేట్ లాంటిది?

నీటిపాయ
యూరియా కంటే కొంత నయం, గంధకమూ వస్తుంది. కానీ అందులోని అమ్మోనియం కూడా కొన్నాళ్లకు నైట్రేటే అవుతుంది. వేప నూనె పూసిన యూరియా ఆ మార్పును కొంత నెమ్మది చేస్తుంది. ఈ రెండూ కొన్ని రోజులు కలిసొచ్చేలా చేస్తాయి, దఫాల అవసరం తీరదు.

మట్టిపరీక్ష
డీఏపీనా, సూపరా అన్న ప్రశ్నకు వస్తాను. మొత్తం సిఫారసు ఎకరానికి నత్రజని 80, భాస్వరం 24, పొటాష్ 20 కిలోలు అనుకుని లెక్క వేద్దాం. మీ మట్టి పరీక్ష వేరే అంకె చెబితే ఆ అంకె పెట్టుకోండి.

డీఏపీతో: 24 కిలోల భాస్వరానికి డీఏపీ 52 కిలోలు. దానితోనే 9.4 కిలోల నత్రజని వస్తుంది. మిగిలిన 70.6 కిలోలకు యూరియా 153 కిలోలు. ఇందులో 37 కిలోలు విత్తేటప్పుడు, 58 కిలోలు ఐదారు ఆకులకు, 58 కిలోలు తొమ్మిది పది ఆకులకు.

సూపర్‌తో: భాస్వరం 16 శాతమే కాబట్టి 150 కిలోలు. నత్రజని అంతా యూరియాగానే, 174 కిలోలు. అదనంగా 16 కిలోల పైచిలుకు గంధకం వస్తుంది, కాల్షియమూ వస్తుంది.

20-20-0-13 కాంప్లెక్స్ ఎరువుతో (అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం శాతాలు): 120 కిలోలు. నత్రజని 24, గంధకం 15.6 అందులోనే వస్తాయి. మిగతా 56 కిలోల నత్రజనికి యూరియా 122 కిలోలు.

మూడింటికీ పొటాష్ కోసం మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువు 33 కిలోలు.

భాస్వరం పరంగా చూస్తే, సరైన చోట పడితే మూడూ దాదాపు సమానమే. తేడా కనబడేది గంధకం తక్కువున్న నేలల్లో. ఇసుక పాలు ఎక్కువై, సేంద్రియ పదార్థం తక్కువై, ఏళ్ల తరబడి డీఏపీ, యూరియా తప్ప ఏదీ పడని నేలలో లేత ఆకుల మీద పొడుగు చారలు వస్తాయి. అక్కడ సూపర్‌కు మారితే దిగుబడి కదులుతుంది. గంధకం చాలినంత ఉన్న నేలలో డీఏపీ వల్ల నష్టమేమీ లేదు.

"సరైన చోట" అన్న మాటే అసలు కీలకం. భాస్వరం నేలలో కదలదు. ఉదజని సూచిక 8 దగ్గరుంటే సున్నంతో కలిసి బిగుసుకుపోతుంది. వెదజల్లితే మట్టి మొత్తంతో తగులుతుంది, కాబట్టి ఎక్కువ బిగుస్తుంది. సాలు వెంట, విత్తనానికి 5 సెం.మీ. పక్కన, 5 సెం.మీ. కిందన పడితే వేరు సూటిగా అందుకుంటుంది. 75 సెం.మీ. సాళ్లలో ఎకరానికి 5,400 మీటర్ల సాలు పొడవు వస్తుంది. 52 కిలోల డీఏపీ అంటే మీటరుకు 10 గ్రాముల లోపు. చేతితో వేసేవాళ్లు పది మీటర్లకు 96 గ్రాములు తూచి చూసుకుంటే చేయి అలవాటవుతుంది.

విత్తనానికి ఆనించి మాత్రం యూరియా వేయకూడదు. దాని నుంచి వెలువడే అమ్మోనియా మొలకను కాలుస్తుంది. డీఏపీ కూడా క్షారత్వం ఉన్న నేలలో, తడి తక్కువగా ఉన్నప్పుడు ఇదే పని చేస్తుంది. సాళ్లలో అక్కడక్కడా ఖాళీలు వచ్చి, తవ్వి చూస్తే వేరు కొన గోధుమరంగుకు తిరిగి ఉంటే పురుగుకు మందు కొట్టే ముందు ఎరువు ఎక్కడ పడిందో చూడండి.

తొలకరి
చాలా స్పష్టంగా ఉంది. చలిలో విత్తినప్పుడు ఆకులు ఊదారంగుకు తిరుగుతాయి. అది భాస్వరం చాలకనా, చలికా?

మట్టిపరీక్ష
రెండూ కలిసి. చల్లటి నేలలో వేరు నెమ్మదిగా సాగుతుంది, భాస్వరం వేరు దగ్గరికి రావడమూ నెమ్మదే. నేలలో భాస్వరం ఉన్నా మొక్కకు అందదు. నేల వెచ్చబడ్డాక కొత్త ఆకులు పచ్చగా వస్తే అది చలి ప్రభావమే, అదనపు ఎరువు అక్కర్లేదు. కొన్ని హైబ్రిడ్లకు ఆ రంగు స్వభావంగానే ఎక్కువ. ఆరు ఆకులు దాటినా ముదురు ఆకుల అంచుల వెంట ఊదా పోకపోతే లోపమే. అయితే అప్పుడు పైన వేసినా అందేది కొంచెమే. అందుకే చలికి విత్తేటప్పుడు భాస్వరాన్ని సాలులోనే వేయాలని నొక్కి చెబుతాను. వెచ్చటి కాలంలో వెదజల్లినా కొంత సర్దుకుంటుంది, చలిలో సర్దుకోదు.

నేల ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువన ఉంటే మొలకే రాదు. విత్తనం నాని కుళ్లుతుంది.

జింకు కూడా ఇక్కడే చెప్పాలి, ఉదజని సూచిక 8 అన్నారు కాబట్టి. లేత ఆకుల అడుగు భాగంలో, మధ్య ఈనెకు రెండు పక్కలా వెడల్పుగా తెల్లటి పట్టీలు వస్తే జింకు లోపం. దుక్కిలో ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేట్ వేయండి, రెండు మూడు పంటలకు ఒకసారి చాలు. భాస్వరం ఎరువుతో కలిపి వేయొద్దు, రెండూ కలిసి కరగని రూపంలోకి మారతాయి. కనీసం రెండు మూడు రోజుల ఎడం ఇవ్వండి. పంట మీద కనబడితే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి వారం ఎడంతో రెండుసార్లు పిచికారీ చేయాలి.

ఎర్రచెల్క
పొటాష్ మొత్తం దుక్కిలోనేనా? పంట పడిపోవడానికీ దానికీ సంబంధం ఉందంటారు.

కండె
ఉంది. పొటాష్ చాలకపోతే ముదురు ఆకుల అంచులు మాడతాయి, కాండం లోపలి బెండు ముందే చచ్చుబడుతుంది. గింజ పాలుపోసుకునే దశలో కండెకు పిండిపదార్థం పంపడానికి మొక్క కాండాన్ని ఖాళీ చేసుకుంటుంది. ఆ సమయంలో కాండం కుళ్లు తెగులు దూరి, ఒక గాలికి చేను పడుకుంటుంది. నత్రజని దండిగా, పొటాష్ కొద్దిగా వేసిన చేలలో ఇది మరీ ఎక్కువ. ఎర్ర చెల్కల్లో, ఇసుక నేలల్లో సగం దుక్కిలో, సగం రెండో పైపాటు యూరియాతో కలిపి వేయండి. బరువు నేలలో మొత్తం దుక్కిలో వేసినా ఫర్వాలేదు.

మొక్క తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం చొప్పలోనే ఉంటుంది. చొప్పంతా చేను దాటిస్తే పొటాష్ కూడా చేను దాటుతుంది. ఏటా చొప్ప కోసుకెళ్లే చేలో 20 కిలోల పొటాష్ చాలదు.

ఎర్రచెల్క
చొప్ప చేలోనే కలియదున్నితే నత్రజని తగ్గించవచ్చా?

నీటిపాయ
మొదట్లో పెంచాలి. చొప్పలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని కొన్ని వారాలు తామే పట్టుకుంటాయి. చొప్ప కలిపిన వెంటనే విత్తితే లేత పంట పసుపుపచ్చగా కనబడుతుంది. విత్తడానికి నెల ముందు కలియదున్నడం మంచిది. కుదరకపోతే దుక్కి యూరియాను ఎకరానికి 15–20 కిలోలు పెంచి, ఆ మేరకు చివరి దఫాలో తగ్గించండి.

చొప్ప పైనే పరచి ఉన్న చేలో యూరియా చల్లకండి. చొప్ప మీద యూరియాను విడగొట్టే ఎంజైమ్ ఎక్కువ ఉంటుంది. తడిగా ఉండి ఎండ కాస్తే అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. ఉదజని సూచిక 8 ఉన్న నేలలో ఈ నష్టం మరింత. యూరియాను 5 సెం.మీ. లోతున మట్టిలో కప్పాలి, లేదా వేసిన రోజే 12–15 మి.మీ. తడి ఇవ్వాలి. మంచు తడికి చల్లి వదిలేయడమంత నష్టం ఇంకోటి లేదు. గుళిక కరగడానికి ఆ తడి చాలుతుంది, లోపలికి ఇంకడానికి చాలదు.

పదును
తేదీ తప్పి ఆలస్యంగా విత్తాల్సి వచ్చినప్పుడు ఎరువు ఏం చేయాలన్నది ఎవరూ చెప్పలేదు. టన్ను గింజకు మొక్క మొత్తంగా 20–25 కిలోల నత్రజని తీసుకుంటుంది. ఎకరానికి 3 టన్నులకు 60–75 కిలోలు, 2 టన్నులకు 40–50. కొంత నేల ఇస్తుంది, వేసినదాంట్లో కొంత పోతుంది. ఆలస్యం వల్ల 2 టన్నులే వచ్చే అవకాశం ఉన్న చోట 80 కిలోలూ వేయడం డబ్బు పారబోయడమే. అలాగని దుక్కి దఫాలో కోత పెట్టొద్దు. మొదటి రెండు దఫాలు యథాతథంగా వేసి, చివరి దఫా దగ్గర ఆగి చేను చూడండి. మొక్కలు ఒత్తుగా ఉన్నాయా, తడి ఉందా, కింది ఆకులు పచ్చగా ఉన్నాయా చూసి, పూర్తిగా అక్కర్లేదనిపిస్తే సగానికి తగ్గించండి.

ఆలస్యమైతే తక్కువ కాలపు హైబ్రిడ్‌కు మారండి. చుట్టుపక్కల ముందు వేసిన చేలుంటే కత్తెర పురుగు అక్కడినుంచి లేత పంట మీదికి వస్తుంది. సుడి తిన్న మొక్కకు ఎరువు వేసినా ఆకు ఉండదు. మొలిచిన వారం నుంచే సుడులు విప్పి చూడాలి.

చలి పంటకు సంగతి తిరగబడుతుంది. గింజ నిండే కాలం పొడుగ్గా ఉంటుంది, ఎండ కావలసినంత ఉంటుంది, రాత్రులు చల్లగా ఉండి మొక్క శ్వాసలో తగలేసుకునేది తక్కువ. అందుకే దిగుబడి ఎక్కువ, నత్రజని ఆకలీ ఎక్కువ. అక్కడ ఎకరానికి నత్రజని 96, భాస్వరం 32, పొటాష్ 32 కిలోలు పెట్టుకుంటే డీఏపీ 70, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 53, యూరియా 181 కిలోలు. యూరియాలో 25 విత్తేటప్పుడు, తక్కినది 52 చొప్పున మూడు దఫాలు.

కండె
పంట చేతికొచ్చాక ఏ మెట్టు దగ్గర తప్పిందో కండె చెబుతుంది. చేలో నాలుగైదు చోట్ల పది కండెల చొప్పున ఒలిచి చూడండి.

వరుసలే తక్కువగా, 10–12 ఉంటే, ఏడెనిమిది ఆకుల లోపే ఆకలి పడింది. రకం స్వభావం కూడా చూసుకోవాలి. వరుసలు సరిగా ఉండి కొన మాత్రం బోసిగా ఉంటే, గింజ పట్టాక తొలి రెండు వారాల్లో నీరో, నత్రజనో, ఎండో చాలలేదు. మొక్క కొనవైపు గింజలను వదిలేసుకుంది. గింజలు అక్కడొకటి ఇక్కడొకటిగా ఉంటే అది పరాగసంపర్కం లోపం. ఎరువుతో సంబంధం లేదు, విత్తే తేదీని జరపాలి. గింజలన్నీ ఉండి తేలికగా ఉంటే, చివర్లో ఆకు ముందే ఎండింది. కింది ఆకుల కొన నుంచి మధ్య ఈనె వెంట ఆంగ్ల అక్షరం వి ఆకారంలో పసుపు పాకిందా అని గింజ పాలుపోసుకునే వేళే చూసి ఉండాలి. అది నత్రజని లోపం.

దిగుబడి అంచనాకు: 75, 20 సెం.మీ. ఎడంలో ఎకరానికి 27,000 మొక్కలు పడతాయి. కండెలు 26,000 నిలిస్తే, 14 వరుసలు, వరుసకు 32 గింజలు అయితే కండెకు 448. వెయ్యి గింజల బరువు 280 గ్రాములైతే 3,260 కిలోలు. ఇందులో మీ చేను ఏ అంకె దగ్గర తగ్గిందో పట్టుకుంటే వచ్చే పంటకు మార్చాల్సింది తేదీయో ఎరువో తెలుస్తుంది.

తొలకరి
ఆకుల లెక్కలో ఒక చిక్కు. పది ఆకుల నాటికి కింది ఆకులు ఎండి రాలిపోతాయి కదా, అప్పుడు ఎలా లెక్కించాలి?

కండె
ముందే గుర్తు పెట్టాలి. మొదటి ఆకు కొన గుండ్రంగా ఉంటుంది, మిగతావన్నీ మొనతేలి ఉంటాయి. గుండ్రటి దాన్ని ఒకటిగా పట్టుకుని ఐదో ఆకు వచ్చినప్పుడు చేలో నాలుగు చోట్ల ఐదేసి మొక్కలకు ఆ ఆకు మీద రంగు చుక్క పెట్టండి. తర్వాత ఆ చుక్క నుంచి పైకి లెక్కించి పదో ఆకు మీద మళ్లీ పెట్టండి. ఆ ఇరవై మొక్కల్లో సగానికి పైగా తొమ్మిదో కాలర్ కనబడిన రోజు రెండో పైపాటుకు దిగవచ్చు. వాన సూచన ఉంటే ఒక రోజు ముందైనా ఫర్వాలేదు, సాలు వెంట మట్టి కప్పడం మాత్రం మానొద్దు.